కస్తూరి దాచుకున్న దంతపు భరిణెలు

కుంకుమ భరిణె ఎంత ఉంటుంది? అరచేతిలో ఇమిడిపోయేంత. అమ్మమ్మల కాలం నాటిదైతే ఇంకాస్త పెద్దది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, ఇస్లామిక్ కళల విభాగంలో, అద్దాల వెనకాల అలాంటి భరిణె ఒకటుంది. గుండ్రటి ఒళ్లు, గుమ్మటంలాంటి మూత. ఎత్తు జానెడు కూడా లేదు. ఏనుగు దంతంతో చేసింది. వెయ్యేళ్లు దాటడంతో తెలుపు కాస్తా తేనెరంగుకు తిరిగింది.

మూత అంచు చుట్టూ అరబిక్ అక్షరాలున్నాయి. విశ్వాసుల నాయకుడి కుమారుడు అల్ ముఘీరాకు దేవుడి దీవెనలు, సంతోషం, శుభం కలగాలని వాటి భావం. చివర్లో తేదీ కూడా ఉంది. హిజ్రీ 357. మన లెక్కలో క్రీ.శ. 968.

దీవెన అందుకున్న ఆ కుర్రాడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మరో ఎనిమిదేళ్లకు ఓ రాత్రి సైనికులు అతని ఇంటి తలుపు తట్టారు. తెల్లవారేసరికి అతను లేడు. భరిణె మాత్రం ఇప్పటికీ ఉంది, అందరూ బాగుండాలన్నట్టు ఆ దీవెన మోస్తూ!

ఈ కథ తెలుసుకోవాలంటే పారిస్ చాలదు. స్పెయిన్ వెళ్లాలి. అక్కడి దక్షిణ సీమ అండలూసియాలో, కోర్డోబా నగరానికి వెళ్లాలి. అక్కణ్నుంచి పడమరగా ఎనిమిది కిలోమీటర్లు పోతే కొండ వాలు మీద ఓ శిథిల నగరం కనిపిస్తుంది. పేరు మదీనా అల్ జహ్రా.

కొండ ఒడిలో తెల్లటి నగరం

ఎండాకాలంలో కోర్డోబాకు వెళ్లేవాళ్లను అక్కడివాళ్లు వింతగా చూస్తారు. నలభై డిగ్రీలు దాటే ఎండ... మన రెంటచింతలా, రామగుండమూ గుర్తుకురావాల్సిందే. మార్చి, ఏప్రిల్ నెలలైతే వీధుల్లో నారింజ పూల వాసన. మాడ్రిడ్ నుంచి హైస్పీడు రైలెక్కితే రెండు గంటల్లోపే దిగొచ్చు. ఊళ్లో అందరూ ముందుగా చూసేది ఎర్రటి, తెల్లటి చారల కమానులున్న పాత మసీదు. ఇప్పుడది చర్చి. జనం అక్కడే నిండిపోతారు. మదీనా అల్ జహ్రా దాకా వచ్చేది వాళ్లలో కొద్దిమందే.

శిథిలాల దగ్గరికి నేరుగా వెళ్లనివ్వరు. ముందు కొండ కింద 2009లో తెరిచిన మ్యూజియం దగ్గర దిగాలి. నేలలోకి దిగినట్టు కట్టిన భవనం అది. దూరం నుంచి చూస్తే అక్కడ భవనం ఉన్నట్టే తెలియదు. అక్కడో సినిమా చూపించి, చిన్న బస్సులో పైకి తీసుకెళ్తారు. పై గుమ్మం దగ్గర దిగి కిందికి నడవాలి. అంటే ఖలీఫా ఇంటి నుంచి మొదలుపెట్టి తోటల్లోకి దిగడమన్నమాట.

కోర్డోబా పాలకుడు మూడో అబ్దుల్ రహమాన్ 929లో తనను తాను ఖలీఫాగా ప్రకటించుకున్నాడు. బాగ్దాద్‌లో ఒక ఖలీఫా, ఉత్తరాఫ్రికాలో మరొకరు ఉండగా మూడోవాడు! పేరు మారాక ఊరూ మారాలి కదా. 936లో పని మొదలైంది. రోజుకు పదివేల మంది కూలీలు పనిచేశారని, నాలుగు వేలకు పైగా స్తంభాలు తెప్పించారని అరబ్ చరిత్రకారులు రాశారు. రాజుల లెక్కలు ఎప్పుడూ కాస్త పొంగుతాయి. అయినా ఆ కొండవాలు మీద నిలబడి చూస్తే మరీ అబద్ధం అనిపించదు. నూట పన్నెండు హెక్టార్ల ఊరది. మూడు మెట్లుగా చెక్కిన కొండ. పైన ఖలీఫా నివాసం, నడుమ దర్బారూ తోటలూ, కింద జనం. ఇప్పటికి తవ్వి బయటపెట్టింది అందులో పదో వంతే. మిగతాదంతా ఇంకా పచ్చిక కిందే ఉంది.

జహ్రా అనేది ఖలీఫా ప్రియురాలి పేరని జనం చెప్పుకుంటారు. నల్లటి కొండ ఒడిలో తెల్లటి నగరం ఆమెకు నచ్చలేదట. నల్లవాడి చేతుల్లో సుందరి ఉన్నట్టుందని మూతి ముడిచిందట. ఖలీఫా కొండ మీద చెట్లు కొట్టించి, బాదం, అత్తి మొక్కలు నాటించాడట. బాదం చెట్టు పూస్తే కొండంతా తెల్లగా మారుతుంది కదా మరి! చరిత్రకారులు ఈ కథను పెద్దగా పట్టించుకోరు. గైడ్లు మాత్రం వదలరు.

953, 957 సంవత్సరాల మధ్య కట్టిన దర్బారు హాలు గోడల మీద రాతిని లేసు అల్లినట్టు చెక్కారు. తీగ మీద తీగ, ఆకు మీద ఆకు. అరంగుళం ఖాళీ ఉండదు. ఆ గోడను ఒక్కసారి శ్రద్ధగా చూసినవాళ్లు తర్వాత దంతపు భరిణె దగ్గరికి వెళ్తే పోల్చుకుంటారు. అదే తీగ, అదే ఆకు. గోడంత పనిని గుప్పెట్లోకి కుదించారు.

సుబ్హ్ కోసం ఓ కానుక

961లో మూడో అబ్దుల్ రహమాన్ చనిపోయాడు. కొడుకు అల్ హకమ్ గద్దెనెక్కేనాటికి నలభై ఆరేళ్లు. పుస్తకాల పిచ్చి. ఆయన గ్రంథాలయంలో నాలుగు లక్షల సంపుటాలుండేవని చెబుతారు. అన్నీ ఉన్నాయిగానీ వారసుడు లేడు. రాజ్యానికి అంతకన్నా పెద్ద బెంగ ఏముంటుంది?

ఆ బెంగ తీర్చిన మనిషి సుబ్హ్. ఉత్తరాన క్రైస్తవ సీమ నుంచి వచ్చిన బాస్క్ జాతి బానిస పిల్ల. సుబ్హ్ అంటే ఉదయం. పొద్దున్నే ‘సుబహ్’ అనే మాట వినే హైదరాబాదీలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 962లో ఆమెకు కొడుకు పుట్టాడు. తాత పేరే పెట్టారు. రెండేళ్లకు, అంటే 964లో, ఖలీఫా ఆమె కోసం ఓ దంతపు భరిణె చేయించాడు. అబ్దుల్ రహమాన్ తల్లి కోసం, దుర్రీ అనే అధికారి పర్యవేక్షణలో దీన్ని చేయించారని దాని మీదే చెక్కించారు. నెమళ్లు, జింకలు, పక్షులు, చుట్టూ తీగలు. మనుషుల బొమ్మ ఒక్కటీ లేదు. అందులో ఉన్న నెమ్మది తర్వాతి భరిణెల్లో కనిపించదు.

ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు! ‘ఫలానా వాడి తల్లి’ అనే ఉంది. అంతఃపురంలో మర్యాద అదే. మన పల్లెల్లోనూ పెద్దకొడుకు పేరు పెట్టి ‘వాళ్లమ్మా’ అని పిలిచే అలవాటు ఉన్నదే.

ఈ భరిణె ఇప్పుడు మాడ్రిడ్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. అంతకుముందు శతాబ్దాల పాటు సమోరా పట్టణంలోని పెద్ద చర్చిలో పడి ఉంది. 1911లో చర్చివాళ్లు దాన్ని ఓ పాత వస్తువుల వ్యాపారికి అమ్మేశారు. సంగతి బయటికొచ్చి గగ్గోలయింది. చివరికి ప్రభుత్వం కల్పించుకుని దేశం దాటిపోకుండా నిలబెట్టింది.

966 నాటి మరో చిన్న పెట్టె నవార్రా సీమలోని ఫితేరో అనే ఊరి చర్చిలో ఉంది. మదీనా అల్ జహ్రాలో చేశామని, చేసింది ఖలఫ్ అని దాని మీద స్పష్టంగా రాసి ఉంది. ఈ భరిణెల పుట్టిల్లు ఆ కొండవాలు నగరమేనని గట్టిగా చెప్పగలగడానికి అలాంటి రాతలే ఆధారం. శిథిలాల్లో ‘ఇదిగో దంతపు పనివాళ్ల గది’ అని చూపించే బోర్డేమీ ఉండదు.

కర్పూరం... కస్తూరి... అంబరు

ఇంతకీ ఈ భరిణెల్లో ఏం పెట్టేవాళ్లు? నగలా? ఆ జవాబూ భరిణే చెబుతుంది. న్యూయార్క్‌లోని హిస్పానిక్ సొసైటీ దగ్గర ఖలఫ్ చేసిన భరిణె మరొకటుంది. దాని మీద చెక్కిన పద్యంలో భరిణె తానే మాట్లాడుతుంది. తన అందాన్ని తానే పొగుడుకుని, కస్తూరి, కర్పూరం, అంబరు దాచుకునే పాత్రనని చెప్పుకుంటుంది.

ఆ మూడింటినీ తలుచుకుంటే చాలు, అప్పటి ప్రపంచ పటం కళ్లముందు పరుచుకుంటుంది. కస్తూరి వచ్చేది టిబెట్, హిమాలయాల జింకల నుంచి. కర్పూరం సుమత్రా, బోర్నియో అడవుల చెట్ల నుంచి. అరబ్బులు దాన్ని కాఫూర్ అన్నారు. మనం కర్పూరం అన్నాం. ఒకే సరుకు, ఓడలెక్కి రెండు వైపులా పోతూ రెండు పేర్లు తెచ్చుకుంది. అంబరు తిమింగలం పొట్టలో తయారై సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చేది. అది మాత్రం అండలూసియా వాళ్లకు దగ్గర్లోనే అట్లాంటిక్ తీరంలో దొరికేది. హారతి పళ్లెంలో రూపాయి బిళ్లంత కర్పూరం వెలిగించే మనకు దాని ఖరీదు తట్టదు. ఆ రోజుల్లో అసలు కర్పూరం రాజుల సరుకు.

మరి దంతం? దాని ప్రయాణమూ తక్కువది కాదు. ఆఫ్రికా ఏనుగుల దంతాలు ఒంటెల మీదా, ఓడల మీదా ఉత్తరాఫ్రికా తీరానికి చేరి, అక్కణ్నుంచి జలసంధి దాటేవి. ఉత్తరాఫ్రికాలోని బెర్బెర్ నాయకుడు జీరీ ఒక్కసారే ఎనిమిది వేల పౌన్ల దంతాన్ని కోర్డోబాకు కానుకగా పంపాడని చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. ఎన్ని ఏనుగుల లెక్క అది? రాసినవాళ్లకు ఆ లెక్కతో పని లేకపోయింది. 1989లో ప్రపంచ దేశాలు దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. మన దేశం 1991లో ఆఫ్రికా దంతాన్ని కూడా నిషేధంలోకి తెచ్చింది. ఈ భరిణెలను చూసి మురిసిపోయేవాళ్లకు ఆ సంగతీ గుర్తుండటం న్యాయం.

భరిణె గుండ్రంగా ఎందుకుంది అనే ప్రశ్నకు సమాధానం ఏనుగు నోట్లోనే ఉంది. దంతం మొదలు వైపు సహజంగానే బోలు. అక్కడ అడ్డంగా కోస్తే సగం భరిణె తయారైనట్టే. లోపల నున్నగా చేసి, అడుగున ఓ బిళ్ల, పైన వేరే ముక్కతో మూత. ఆ తర్వాతే అసలు పని. దంతం కర్రలా పేలిపోదు, రాయిలా పెళుసు కాదు. సన్నటి ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. బొమ్మ చుట్టూ ఉన్న వెనక భాగాన్ని లోతుగా తీసేసి, బొమ్మను పైకి తేల్చాలి. గోడ మందం చూస్తే వేలెడు కూడా ఉండదు. ఉలి ఒక్క నూలు లోతుకు దిగితే చిల్లే! అప్పుడు నెలల పనీ, ఓ ఏనుగు దంతమూ కలిసి గంగపాలు.

చాలా భరిణెలకు ఇప్పుడు కనిపించే లోహపు కీళ్లు, గొళ్లేలు తర్వాతెప్పుడో ఎవరో బిగించినవి. పాపం, కొన్నిచోట్ల ఆ రేకులు అక్షరాల మీదా, బొమ్మల మీదా కూర్చున్నాయి. పనివాడు చూస్తే ఏమనుకునేవాడో.

ముఘీరా తలుపు తట్టిన రాత్రి

మళ్లీ లూవ్ర్ భరిణె దగ్గరికి వద్దాం. అల్ ముఘీరా మూడో అబ్దుల్ రహమాన్ చివరి కొడుకు. ఖలీఫా అల్ హకమ్‌కు తమ్ముడు. వయసులో మాత్రం కొడుకంత చిన్నవాడు. 968లో ఈ భరిణె చేసేనాటికి ఖలీఫాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి ఆరేళ్లు, రెండోవాడు హిషామ్‌కు మూడేళ్లు. ఖలీఫాకు ఒంట్లో బాగోలేదంటే దర్బారులో చూపులు ఎటు తిరుగుతాయి? పసివాళ్ల వైపా, ఎదిగిన తమ్ముడి వైపా? ఈ సంగతి తెలిసి చూస్తే భరిణె మీది బొమ్మలు మరోలా కనిపిస్తాయి.

ఎనిమిది రేకుల పువ్వుల్లాంటి నాలుగు చట్రాలున్నాయి. ఒకదాంట్లో నడుమ వీణలాంటి ఊద్ వాయించే మనిషి, అటూ ఇటూ ఇద్దరు. ఒకరి చేతిలో విసనకర్ర, మరొకరి చేతిలో సీసా, పువ్వు. ఇంకోదాంట్లో గుర్రాల మీద ఇద్దరు ఖర్జూరపు గెలలు కోస్తున్నారు. మరోచోట ఇద్దరు గద్దగూళ్లలోంచి గుడ్లు తీస్తున్నారు. వాళ్ల కాళ్లను కుక్కలు కరిచి పట్టుకున్నాయి. నాలుగోదాంట్లో సింహాలు ఎద్దుల మీద పడ్డాయి. ఇవి కాక చట్రాల నడుమ మిగిలిన చోటంతా పక్షులు, మృగాలు, కుస్తీ పట్లు.

ఏమిటి దీనర్థం? పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రాజకుమారుడి వినోదాలు చూపించారని కొందరంటారు. ఖర్జూర చెట్టు ఈ వంశం వదిలివచ్చిన సిరియాకు గుర్తంటారు. ఇంకొందరు మాత్రం ఇది కానుక కాదు, హెచ్చరిక అంటారు. సింహం ఖలీఫా, దాని కింద నలిగేది ఎదురుతిరిగినవాడు. గూట్లో గుడ్లు దొంగిలించడమంటే వారసత్వం దొంగిలించడం. ‘అబ్బాయీ, నీ హద్దుల్లో నువ్వుండు’ అని అన్నో, అన్న తరఫువాళ్లో తీయగా చెప్పారన్నమాట! వినడానికి బాగుంటుంది. నమ్మాలనీ అనిపిస్తుంది. తర్వాత జరిగింది మనకు తెలుసు కాబట్టి అలా అనిపిస్తోందేమో కూడా. దీన్ని ఎవరు చేయించారన్నది భరిణె మీద రాసిలేదు.

జరిగిందేమిటంటే... సుబ్హ్ పెద్దకొడుకు 970లో చనిపోయాడు. 976 అక్టోబరు మొదటి తేదీన అల్ హకమ్ కన్నుమూశాడు. హిషామ్‌కు అప్పటికి పదకొండేళ్లు. పక్కనే ఉన్న ఇద్దరు అంతఃపుర అధికారులు చావు కబురు దాచిపెట్టి, పిల్లవాడి బదులు ముఘీరాను గద్దెనెక్కిద్దామని మంత్రి అల్ ముస్‌హఫీతో అన్నారు. మంత్రి సరేనన్నాడు. బయటికొచ్చి తనవాళ్లను పోగుచేశాడు. ముఘీరా బతికుంటే మనకు ముప్పేనన్నాడు. ఆ పని ఎవరు చేస్తారంటే అందరూ నేల చూపులు చూశారు. నేను చేస్తానని లేచినవాడు ఇబ్న్ అబీ ఆమిర్. సుబ్హ్ ఆస్తిపాస్తులు చూసే గుమాస్తాగా అంతఃపురంలో అడుగుపెట్టి, ఆమెకు వెండితో చిన్న రాజభవనం బొమ్మ చేయించి ఇచ్చి మెప్పు పొందినవాడు.

సైనికులతో వెళ్లి తలుపు తట్టేదాకా ముఘీరాకు అన్న చనిపోయిన సంగతే తెలియదు. మా అన్నకొడుకే ఖలీఫా, నేను విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేస్తానని వేడుకున్నాడు. ఇబ్న్ అబీ ఆమిర్ గుండె కరిగినట్టే ఉంది. ఇతని వల్ల ప్రమాదం లేదని మంత్రికి చీటీ రాసి పంపాడు. చెప్పిన పని చెయ్యి, లేదంటే వేరేవాళ్లను పంపుతానని జవాబొచ్చింది. ఆ చీటీనే ముఘీరా చేతికిచ్చి అతను పక్కకు తప్పుకున్నాడట. సైనికులు గొంతు నులిమారు. ఉరేసుకున్నట్టు వేలాడదీశారు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల మనిషి.

ఆ గుమాస్తానే తర్వాత అల్ మన్సూర్ అయ్యాడు. అంటే విజేత. తనకు దారిచ్చిన మంత్రినీ జైలుకు పంపాడు. పిల్ల ఖలీఫాను అంతఃపురంలో కూర్చోబెట్టి రాజ్యమంతా తానే ఏలాడు. కోర్డోబాకు తూర్పున తనకంటూ వేరే నగరం కట్టుకుని కచేరీలన్నీ అక్కడికి మార్చేశాడు. మదీనా అల్ జహ్రా బోసిపోయింది. చాలా ఏళ్ల తర్వాత సుబ్హ్‌కు కళ్లు తెరుచుకున్నాయి. ఖజానాలోని బంగారాన్ని తేనె జాడీల్లో దాచి బయటికి పంపి, కొడుకు తరఫున తిరుగుబాటు చేయించాలని చూసింది. సాగలేదు.

అమ్మాయిల ఎముకలు... ఓ అరబిక్ దీవెన

అల్ మన్సూర్ ఉత్తరాది క్రైస్తవ రాజ్యాల మీద ఏటా దండెత్తాడు. 997లో సాంతియాగో చర్చి గంటలను బందీల భుజాల మీద కోర్డోబాకు మోయించాడు. 1002లో అతను చనిపోయాక కొడుకు అబ్దుల్ మాలిక్ అదే దారిలో నడిచాడు. ఆ కొడుకు కోసం 1004-05లో చేసిన దంతపు పెట్టె ఇప్పుడు పాంప్లోనా నగరంలోని నవార్రా మ్యూజియంలో ఉంది. భరిణె కాదు, దాదాపు మూరెడు పొడవున్న పెట్టె. దంతపు పలకలతో కూర్చింది. సంగీత గోష్ఠులు, వేటలు, ఒంటరిగా రెండు సింహాలతో తలపడే వీరుడు, ఏనుగులు. మూత చుట్టూ దేవుడి పేరుతో మొదలయ్యే అరబిక్ దీవెన. అబ్దుల్ మాలిక్‌కు శుభం కలగాలని!

ఈ పెట్టె కొన్ని వందల ఏళ్లు ఎక్కడుందో తెలుసా? నవార్రా కొండల్లోని లెయిరే క్రైస్తవ మఠంలో. లోపల ఇద్దరు అమ్మాయిల ఎముకలు. నునీలో, అలోదియా అనే అక్కాచెల్లెళ్లు. తండ్రి ముస్లిం, తల్లి క్రైస్తవురాలు. తల్లి మతం వదలనన్నందుకు 851లో వాళ్లకు మరణశిక్ష పడింది. క్రైస్తవులకు వాళ్లు పునీతులయ్యారు. వాళ్ల అస్థికలను దాచడానికి మఠంవాళ్లు ఎంచుకున్నది, తమ ఊళ్ల మీదికి దండెత్తిన ముస్లిం సేనాని పెట్టెను!

ఎలా చేరింది? 1009లో కోర్డోబాలో అంతర్యుద్ధం మొదలైంది. ఒక పక్షానికి సాయమంటూ కాస్టిల్ సైన్యం, మరో పక్షానికి సాయమంటూ కాటలాన్లు వచ్చి, పోతూ పోతూ చేతికందింది పట్టుకుపోయారు. మదీనా అల్ జహ్రా కూడా ఆ మంటల్లోనే పోయింది. కట్టడం మొదలెట్టి డెబ్భై అయిదేళ్లు కూడా కాలేదు. దోపిడీలో పోయినవి కొన్ని, కానుకలుగా వెళ్లినవి కొన్ని. పోర్చుగల్‌లోని బ్రాగా చర్చి ఖజానాలోనూ అబ్దుల్ మాలిక్ పేరున్న భరిణె ఉంది. చర్చిలకు అరబిక్ అక్షరాలు అడ్డు కాలేదు. తెల్లటి దంతం, అంత పని, ఖరీదైన అత్తరులు పెట్టిన పాత్ర... పవిత్రమైనది దాచడానికి అంతకన్నా తగినది దొరకలేదు. మసీదులూ భవనాలూ కూలినచోట ఈ పెట్టెలు చెక్కుచెదరకుండా మిగిలాయంటే చర్చిల బీరువాల పుణ్యమే.

కోర్డోబా చెదిరాక పనివాళ్లూ చెదిరారు. కువెంకా అనే ఊళ్లో ఇబ్న్ జయ్యాన్ కుటుంబం దంతపు పని సాగించింది. 1026లో ఒక పెట్టె, 1049-50లో మరొకటి. ఆ రెండోది నేరుగా చూస్తే తేడా తెలిసిపోతుంది. చిన్న చిన్న పల్చటి పలకలు, ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ. దంతం తక్కువైంది, తొందర ఎక్కువైంది.

శిథిలాలకు జనం ‘పాత కోర్డోబా’ అని పేరు పెట్టారు. రోమన్ల కాలం నాటి ఊరనుకున్నారు. దగ్గర్లో మఠం కడుతూ ఆ రాళ్లే మోసుకుపోయారు. 1911లో తవ్వకాలు మొదలయ్యాయి. సమోరా చర్చి సుబ్హ్ భరిణెను అమ్ముకున్నదీ ఆ సంవత్సరమే. 2018లో యునెస్కో మదీనా అల్ జహ్రాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

లండన్‌లో విశాఖ చుట్టం

లండన్ వెళ్లే తెలుగువాళ్లు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇంకో కోర్డోబా భరిణెను చూడొచ్చు. 969-70 నాటిది. నగర రక్షకభటుల అధికారి జియాద్ కోసం చేసింది. ఆయన గద్దె మీద కూర్చున్నాడు, డేగతో వేటకెళ్లాడు, అంబారీ కట్టిన ఏనుగు మీద ఊరేగాడు. ఏనుగు దంతం మీద ఏనుగు బొమ్మ! చెక్కినవాడు ప్రాణమున్న ఏనుగును ఎప్పుడైనా చూశాడో లేదో గానీ బొమ్మ మాత్రం ముద్దుగానే వచ్చింది.

అదే మ్యూజియంలో మన విశాఖపట్నం పనివాళ్ల దంతపు పనీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్ల కోసం విశాఖలో పెట్టెలు, బల్లలు చేసేవాళ్లు. కర్ర మీద పల్చటి దంతపు రేకు తాపడం చేసి, పూలతీగలు గీసి, ఆ గీతల్లోకి నల్లటి లక్క నింపేవాళ్లు. కోర్డోబా పనితో దానికి చుట్టరికమేమీ లేదు. పద్ధతీ వేరు. ఒకే కప్పు కింద చేరాయంతే. తేడా ఒక్కటుంది. విశాఖ పెట్టెల మీద చేసినవాళ్ల పేర్లు వెతికినా సాధారణంగా దొరకవు.

పాంప్లోనా పెట్టె మీద దొరుకుతాయి. అయితే వెంటనే కనపడవు. దీవెన అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పని చేయించిన అధికారి జుహైర్ పేరుతో సహా. చెక్కినవాళ్ల పేర్లు మాత్రం బొమ్మల చాటున, సూక్ష్మంగా పరిశీలించినవాళ్లకే దొరికేలా చెక్కి ఉన్నాయి. ఒక పలక మీద మిస్బాహ్, అంటే దీపం. ఇంకోచోట ఖైర్, అంటే మేలు. మూత లోపలివైపు, పెట్టె మూస్తే ఎవరికీ కనపడనిచోట, ఇది ఫరజ్, అతని శిష్యుల పని అని ఉంది.